విండో మ్యాచ్‌లకి భారత బాస్కెట్‌బాల్ జట్టు: 12 మందిని ఎలా ఎంచాలి, పది రోజుల క్యాంపులో ఏం నేర్పాలి?

పీఈటీ_ఖమ్మం:

ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) క్వాలిఫయర్స్ ఇప్పుడు విండోల్లోనే, అంటే ఏడాదిలో అక్కడక్కడా కేటాయించిన కొద్ది రోజుల్లోనే, జరుగుతున్నాయి కదా. నవంబరులో రెండు మ్యాచ్‌లు, ఫిబ్రవరిలో రెండు, ఒకటి ఇక్కడ, ఒకటి బయట. మధ్యలో జట్టు మొత్తం ఒకచోట కలిసే వీలుండదు. క్యాంపుకి పది, పదకొండు రోజులు దొరికితే అదే ఎక్కువ. 2025 ఆగస్టులో జెడ్డాలో జోర్డాన్‌ని ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లి 84–91తో ఓడాం. అంటే ఆడే సత్తా ఉంది, చివరి మెట్టు దగ్గర ఆగిపోతున్నాం.

అడగాలనుకున్నది ఇదండీ. సెలక్షన్స్‌లో ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్లని 12 మందిని తీసుకుంటే సరిపోతుందా? పది రోజుల్లో కోచ్ ఏం నేర్పాలి, ఏది వదిలేయాలి? మనకంటే పొడుగు జట్ల మీద ఆటని నెమ్మదిగా నడపాలా, వేగంగా నడపాలా? చివరగా, అమెరికాలో మనవాళ్ల పిల్లలు బాగా ఆడుతున్నారు, వాళ్లని ఎందుకు తీసుకోవడం లేదని క్లబ్బుల్లో పిల్లలు అడుగుతున్నారు. దానికి సరైన జవాబు కావాలి.

విశాఖ_పాయింట్‌గార్డ్:

మొదటిదానికి జవాబు, సరిపోదు. ముందు నిమిషాల లెక్క చూడండి. 40 నిమిషాలు, ఐదుగురు, మొత్తం 200 నిమిషాలు. మొదటి ఐదుగురికి 27 చొప్పున 135 పోతాయి. తర్వాతి నలుగురికి 14 చొప్పున 56. మిగిలింది తొమ్మిది నిమిషాలు, అది ముగ్గురికి. కాబట్టి 10, 11, 12 స్థానాల్లోకి వచ్చేవాళ్లు పాయింట్లు కొట్టేవాళ్లు కానక్కర్లేదు. అడిగినప్పుడు ఒక్క పని కచ్చితంగా చేసేవాళ్లు కావాలి. ఒకడు అవతలి గార్డుని నాలుగు నిమిషాలు ఊపిరాడనివ్వకూడదు. ఒకడు జోన్ (మనిషిని కాక చోటుని కాచే డిఫెన్స్) మీద మూలలో నిలబడి త్రీలు (మూడు పాయింట్ల షాట్‌లు) వేయాలి. మూడోవాడు పోస్టుకి (రింగ్ దగ్గర ఆడే పొడుగు ఆటగాడికి) మూడో ఫౌల్ పడ్డప్పుడు లోపలికెళ్లి ఐదు ఫౌళ్లూ వాడేయడానికి వెనకాడకూడదు.

డిపార్ట్‌మెంట్ జట్టులో టాప్ స్కోరర్ ప్రతి దాడిలోనూ బంతి పట్టుకుంటాడు. భారత జట్టులో అతనికి క్వార్టర్‌కి మూడు నాలుగు సార్లు బంతి వస్తే గొప్ప. బంతి లేని మిగతా సమయంలో ఏం చేస్తాడన్నదే చూడాలి. స్క్రీన్ పెడతాడా (పక్కవాడిని కాచేవాడికి అడ్డంగా నిలబడతాడా), కట్ చేస్తాడా (రింగ్ వైపు దూసుకెళ్తాడా), తను షాట్ మిస్సయ్యాక వెనక్కి పరిగెత్తుతాడా? సెలక్షన్ మ్యాచ్‌ల్లో స్కోర్‌షీట్ పక్కన ఇంకో కాగితం పెట్టి ఇద్దరు మనుషుల చేత ఇవి రాయించాలి: చేతికి తగిలి దారి మళ్లిన పాస్‌లు, పట్టిన బాక్స్ అవుట్‌లు (మిస్సయిన బంతి అందకుండా అవతలివాడిని వీపుతో ఆపడం), పెట్టిన స్క్రీన్ వల్ల పక్కవాడికి దొరికిన షాట్‌లు. మూడు మ్యాచ్‌లయ్యేసరికి రెండు కాగితాల్లో పేర్ల వరుస ఒకేలా ఉండదు.

నా కూర్పు ఇది. బంతి నడిపేవాళ్లు ముగ్గురు, వింగ్ షూటర్లు ముగ్గురు, రెండు వైపులా ఆడే ఫార్వర్డ్‌లు ముగ్గురు, పోస్టులు ముగ్గురు. పోస్టుల్లో ఒకడైనా త్రీ లైన్ బయటినుంచి వేయగలగాలి. పొడుగు చూసి నలుగురు సెంటర్లని తీసుకుని గార్డులని ఇద్దరితో సరిపెట్టడం పెద్ద తప్పు. ఫుల్‌కోర్ట్ ప్రెస్ (కోర్టంతా వెంటపడి కాయడం) పడిందా, ఎనిమిది సెకన్లలో సగం గీత దాటాలి. ఇద్దరు గార్డుల్లో ఒకడికి రెండో క్వార్టర్‌లోనే మూడు ఫౌళ్లు వస్తే బంతి తెచ్చేవాడు ఉండడు. వరసగా నాలుగు టర్నోవర్లు (చేజారిన బంతులు), నాలుగు లే-అప్‌లు (రింగ్ దగ్గరి సులువు షాట్‌లు), ఎనిమిది పాయింట్లు ఒకటిన్నర నిమిషంలో పోతాయి. ఆసియాలో బలమైన జట్లు మనమీద చేసే పని ఇదే.

షూటర్లకి పరీక్ష: 6.75 మీటర్ల లైన్ బయట ఐదు చోట్ల, చోటుకి 20 చొప్పున 100 షాట్‌లు. 65 పడాలి. అక్కడితో ఆపకూడదు. కోర్టు అడ్డంగా 17 సార్లు పరుగు, అంటే 255 మీటర్లు, గార్డులైతే 60 సెకన్లలో, పోస్టులైతే 66లో పూర్తిచేసి, ఒక్క నిమిషం ఆగి మళ్లీ 25 వేయాలి. మొదట 70 వేసి, పరుగు తర్వాత 25లో తొమ్మిదికి పడిపోయేవాడు నాలుగో క్వార్టర్‌లో పనికిరాడు.

సిమెంట్‌కోర్ట్:

పై మాటలన్నిటికీ ఒప్పుకుంటాను. క్యాంపు గురించి రాస్తాను.

పది రోజుల్లో కొత్త ఆట నేర్పలేం. పిల్లలు తెచ్చిన ఆటని ఒక దారిలో పెట్టగలం, అంతే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర, మధ్యలో ఒక పూట సెలవు. ఇందులో పట్టేవి: ఫాస్ట్ బ్రేక్‌లో (బంతి దొరకగానే పరిగెత్తి చేసే దాడిలో) ఎవరెవరు ఏ దారిలో పరిగెత్తాలో ఒక్క పద్ధతి, హాఫ్‌కోర్ట్‌లో మూడు సెట్‌లు (ముందే అనుకున్న దాడి పద్ధతులు), జోన్ మీద ఒకటి, బేస్‌లైన్ త్రో-ఇన్ రెండు, సైడ్‌లైన్ త్రో-ఇన్ రెండు, ప్రెస్ విడగొట్టే ఒక పద్ధతి. డిఫెన్స్‌లో మ్యాన్ టు మ్యాన్, దానికి తోడు ఒకే ఒక్క జోన్. ఇంతకంటే ఎక్కువ పెడితే మ్యాచ్‌లో కోచ్ సైగ చేసినప్పుడు నలుగురు ఒక సెట్, ఐదోవాడు ఇంకో సెట్ ఆడతారు. ఆ ఐదోవాడి చేతికే బంతి వెళ్తుంది.

మొదటిరోజే తేల్చాల్సింది ఇంకొకటి ఉంది, మాట. మన జట్టులో పంజాబీ, తమిళం, మలయాళం, హిందీ, ఒక్కోసారి తెలుగు, అందరూ ఉంటారు. స్క్రీన్ వస్తోందని వెనకనుంచి అరవడానికి దొరికేది అర సెకను. ఆరేడు పొట్టి మాటలు ఎంచుకుని గోడమీద రాసిపెట్టాలి. స్క్రీన్ ఎడమనుంచా కుడినుంచా, మార్చుకోవాలా వద్దా, సాయం వస్తున్నానా, షాట్ పడిందా, అన్నిటికీ ఒక్కో మాట. రెండోరోజు నుంచి ఆ మాట అరవనివాడి తప్పుకి ఐదుగురూ పరిగెత్తాలి. నోరు మూసుకుని ఆడే డిఫెన్స్ ఎంత పొడుగు జట్టుదైనా ఒక్క స్క్రీన్‌కే చీలిపోతుంది.

వేగం సంగతి. నా ఓటు నెమ్మదికే. 2014లో వూహాన్‌లో, ఫీబా ఆసియా కప్‌లో, చైనా మీద 65–58తో గెలిచాం. ఆ స్కోరే చెబుతుంది, అవతలివాళ్లని 58 దగ్గర కట్టేశాం కాబట్టి 65 సరిపోయింది. బలమైన జట్టుకి దాడులు ఎన్ని ఎక్కువ దొరికితే వాళ్ల బలం అన్నిసార్లు బయటపడుతుంది. మ్యాచ్‌లో 75 దాడులకి బదులు 65 ఉంటే తేడా చిన్నదౌతుంది, చివరి మూడు నిమిషాలకి మనం ఇంకా పోటీలో ఉంటాం.

ఇంకొక్క మాట, మన జిల్లాల నుంచి పైకి వచ్చే పిల్లల గురించి. పదిహేనేళ్లు సిమెంటు కోర్టు మీద అరిగిపోయిన రబ్బరు బంతితో ఆడినవాడు చెక్క ఫ్లోర్ మీదికి రాగానే బంతి చేతికి కొత్తగా తగులుతుంది. అదే బంతి రింగ్‌కి తగిలి వేరేలా ఎగురుతుంది. షూ అడుగున దుమ్ము పడితే ఆగాల్సినచోట జారతాడు. క్యాంపు మొదటిరోజు నుంచే మ్యాచ్‌లో వాడే మోల్టెన్ కంపెనీ బంతులతోనే ఆడాలి, కనీసం డజను కావాలి. కొత్త బంతి జారుడుగా ఉంటుంది, రెండు మూడు రోజులు వాడాకే చేతికి అలవాటవుతుంది.

విశాఖ_పాయింట్‌గార్డ్:

నెమ్మది దగ్గర నాకు అభ్యంతరం ఉంది, సిమెంట్‌కోర్ట్ గారూ. జపాన్‌ని చూడండి. 2019 వరల్డ్ కప్‌లో ఐదుకి ఐదూ ఓడారు, అమెరికా చేతిలో 45–98. నాలుగేళ్ల తర్వాత 2023లో ఓకినావాలో ఫిన్లాండ్‌ని 98–88తో, తర్వాత వెనెజువెలానీ కేప్ వెర్డేనీ కొట్టి పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. ఫిన్లాండ్ మీద 18 పాయింట్లు వెనకబడి గెలిచిన మ్యాచ్ అది. వాళ్ల పాయింట్ గార్డ్ కవామురా ఎత్తు 172 సెంటీమీటర్లు. కోచ్ టామ్ హోవాస్ ఐదుగురినీ త్రీ లైన్ బయట పరిచి, రింగ్ కింద ఖాళీ చేసి, గార్డుని లోపలికి తోలాడు. పొడుగు సెంటర్ బయటికి రాక తప్పలేదు. అంతకుముందు టోక్యో ఒలింపిక్స్‌లో ఇదే ఆటతో జపాన్ ఆడవాళ్ల జట్టుకి రజతం తెచ్చాడు.

నెమ్మదిగా ఆడితే 24 సెకన్ల గడువు చివర్లో చెయ్యి మీద చెయ్యి ఉండగా షాట్ వేయాల్సి వస్తుంది. పొడుగు డిఫెన్స్ కూర్చున్నాక దాన్ని కదపడం కష్టం. వాళ్లు కూర్చోకముందే మొదటి ఎనిమిది సెకన్లలో త్రీ దొరికితే వేసేయాలి.

సిమెంట్‌కోర్ట్:

జపాన్ ఉదాహరణ సరైనదే, కానీ దాని వెనక ఉన్నది కూడా చూడాలండీ. 2014 నవంబరులో ఫీబా జపాన్‌ని సస్పెండ్ చేసింది, దేశంలో రెండు లీగులు కొట్టుకుంటున్నాయని. వాటిని కలిపి 2016లో బి.లీగ్ పెట్టారు. ఏడేళ్లు సీజన్ పొడవునా గట్టి మ్యాచ్‌లు ఆడిన షూటర్లు ఉన్నారు కాబట్టే హోవాస్ ఆ ఆట ఆడించగలిగాడు. 100కి 65 వేసేవాళ్లు ఐదుగురు ఉంటే నేనూ వేగానికే ఓటేస్తాను. ఇద్దరే ఉంటే ముందే వేసే త్రీ అంటే అవతలివాళ్లకి రీబౌండ్ (మిస్సయి వెనక్కి వచ్చిన బంతి), వెంటనే లే-అప్.

మధ్యేమార్గం ఒకటుంది. బంతి కొట్టేసినప్పుడూ, మన రీబౌండ్ నేరుగా గార్డు చేతికి వచ్చినప్పుడూ పరిగెత్తాలి. వాళ్లు బుట్ట వేశాక మాత్రం నడిపించుకుని రావాలి. దీన్ని క్యాంపులో రెండు రోజుల్లో అలవాటు చేయొచ్చు.

స్కోర్‌టేబుల్:

మ్యాచ్‌లు చేజారేది చాలాసార్లు రూల్స్ దగ్గర. పిల్లలు ఎన్‌బీఏ (అమెరికా లీగ్) చూసి పెరుగుతారు, ఆడేది ఫీబా. తేడాలు క్యాంపులో ఒక సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాలి.

ఫీబాలో డిఫెన్స్‌కి మూడు సెకన్ల రూల్ లేదు. అవతలి సెంటర్ రింగ్ కిందే తిష్ట వేయొచ్చు. అందుకే మూలల్లో షూటర్లు లేని జట్టుకి లోపలికి దారి ఉండదు. ఆ మూల కూడా ఇరుకు. త్రీ లైన్‌కీ సైడ్‌లైన్‌కీ మధ్య ఉండేది 90 సెంటీమీటర్లు. పెద్ద షూ పొడవే 33 దాకా ఉంటుంది. పాస్ అందుకుంటూ ఒక్క అడుగు వెనక్కి వేస్తే గీత దాటేస్తాడు, బంతి అవతలివాళ్లది. పాదాలు ముందే సర్దుకుని, మోకాళ్లు వంచి, చేతులు పైకెత్తి ఎదురుచూడడం సాధన చేయించాలి.

షాట్ రింగ్‌ని తాకిన తర్వాత, బంతి రింగ్ పైనే ఉన్నా తోసేయొచ్చు. ఎన్‌బీఏలో అది తప్పు, ఇక్కడ కాదు. మన పోస్టులు అలవాటు కొద్దీ చేతులు దించి చూస్తూ ఉండిపోతారు. రోజూ పదిహేను నిమిషాలు దీనికే కేటాయిస్తే మ్యాచ్‌కి ఒకట్రెండు బుట్టలు ఆపొచ్చు.

టైమ్ అవుట్ ఆటగాడు అడగలేడు. కోచ్, లేదా మొదటి అసిస్టెంట్, టేబుల్ దగ్గర అడగాలి. మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. మొదటి సగంలో వాడనిది రెండో సగానికి రాదు. నాలుగో క్వార్టర్ గడియారం 2:00కి వచ్చేసరికి మూడూ మిగిలి ఉంటే ఒకటి పోతుంది, చివరి రెండు నిమిషాల్లో రెండే వాడనిస్తారు.

అన్నిటికంటే ఎక్కువ పొరపడేది ఇక్కడ. చివరి రెండు నిమిషాల్లో మన వెనక కోర్టునుంచి త్రో-ఇన్ ఉన్నప్పుడు టైమ్ అవుట్ తీసుకుంటే బంతిని ముందు కోర్టుకి జరిపించుకోవచ్చు. కానీ అలా జరిపితే షాట్ క్లాక్ (షాట్ వేయాల్సిన గడువు) 14కి దిగుతుంది. ఇప్పుడు చూడండి: 20 సెకన్లు ఉన్నాయి, ఒక్క పాయింట్ వెనక ఉన్నాం, వాళ్లు అప్పుడే బుట్ట వేశారు. వెనకనుంచే మొదలుపెడితే 24 సెకన్లు, ఆట గడియారమే ముందు అయిపోతుంది, చివరి షాట్ మనదే. ముందుకి జరిపితే 14లో షాట్ వేయాలి, ఆరు సెకన్లు వాళ్లకి మిగులుతాయి. 14 సెకన్లకి మించి, 24కి లోపు ఉండి చివరి షాట్ మనకే కావాలనుకుంటే జరపకూడదు. 10 సెకన్లే ఉంటే జరపాలి. మూడు పాయింట్లు వెనక ఉంటే 20 దగ్గర కూడా జరపొచ్చు, షాట్ మిస్సయితే ఫౌల్ చేసి బంతి మళ్లీ తెచ్చుకోవడానికి సమయం కావాలి కాబట్టి. కోచ్ దగ్గర ఈ లెక్క చీటీ మీద రాసి ఉండాలి. ఆ హోరులో తల పనిచేయదు.

టీమ్ ఫౌళ్లు క్వార్టర్‌కి నాలుగు. ఐదోదాని నుంచి రెండు ఫ్రీ త్రోలు. ఓవర్‌టైమ్‌లో నాలుగో క్వార్టర్ ఫౌళ్లే కొనసాగుతాయి, కొత్తగా మొదలవ్వవు.

ఇంకొకటి, ఓడుతున్న మ్యాచ్‌లో. గ్రూపులో పాయింట్లు సమానమైతే ముందు ఆ జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌లు చూస్తారు, అక్కడా సమానమైతే వాటిలో పాయింట్ల తేడా. బయట 15తో ఓడితే ఇంట్లో 16తో గెలవాలి. 22 వెనక ఉన్నప్పుడు చివరి మూడు నిమిషాలు బెంచిని దించి వదిలేయడం అంటే ఫిబ్రవరి మ్యాచ్‌ని నవంబరులోనే కష్టం చేసుకోవడం.

పీఈటీ_ఖమ్మం:

ఆ 14 సెకన్ల సంగతి ఇంత వివరంగా ఎక్కడా చూడలేదు, ధన్యవాదాలండీ. రెండు అడుగుతాను. పిక్ అండ్ రోల్ (బంతి ఉన్నవాడికి స్క్రీన్ పెట్టి, వెంటనే రింగ్ వైపు తిరిగి వెళ్లే ఆట) మీద మన పోస్టులు ఎక్కడ నిలబడాలి? మరి అమెరికా పిల్లల సంగతి?

విశాఖ_పాయింట్‌గార్డ్:

మన పోస్టులు ఎక్కువమంది పొడుగు, బరువు, పక్కకి కదలడం నెమ్మది. అలాంటివాడిని బంతి మీదికి బయటికి పంపితే గార్డు ఇద్దరి మధ్యనుంచి దూరిపోతాడు, వెనక రింగ్ ఖాళీ. కాబట్టి వెనకే ఉంచాలి. మడమలు ఫ్రీ త్రో లైన్‌కి ఒక అడుగు లోపల, ఒక చెయ్యి బంతి వైపు, ఒకటి రోల్ అయ్యేవాడి వైపు. గార్డుని కాచేవాడు స్క్రీన్ కింద దూరకుండా పైనుంచి, నడుము ఆనించుకుని వెంటపడాలి. వెనకనుంచి ఒత్తిడి, ముందు పోస్టు, గార్డుకి మిగిలేది మధ్యలో ఆగి వేసే రెండు పాయింట్ల షాట్. అదే వేయనివ్వాలి.

చీలేది మూడోవాడి దగ్గర. రోల్ అయ్యేవాడిని ఒక్క క్షణం ఛాతీతో ఆపి తన మూలకి పరిగెత్తాల్సినవాడు, అవతలి వైపు మూలలో ఉన్నవాడు. ముందే వెళ్తే మూలలో త్రీ, ఆలస్యమైతే డంక్. క్యాంపులో పిక్ అండ్ రోల్‌ని ఇద్దరిద్దరితో సాధన చేయిస్తే ఈ మూడోవాడు ఎప్పటికీ నేర్చుకోడు. ఎప్పుడూ ఐదుగురితోనే చేయించాలి.

పోస్టు బయటికొచ్చి త్రీ వేసే రకమైతే పైన చెప్పిందంతా పనిచేయదు. 2006 వరల్డ్ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో అమెరికాని గ్రీస్ 101–95తో ఓడించింది పిక్ అండ్ రోల్ ఒక్కదాన్ని పదేపదే ఆడే. అవతలి జట్టు వీడియో చూసి, స్క్రీన్ పెట్టేవాడు దేనికొస్తున్నాడో తెలుసుకుని, ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి ముందే తేల్చుకోవాలి.

డల్లాస్_తెలుగు:

పాస్‌పోర్ట్ సంగతి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) పౌరసత్వం కాదు. భారత జట్టుకి ఆడాలంటే భారత పాస్‌పోర్ట్ ఉండాలి. మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇక్కడ పుట్టిన పిల్లవాడు అమెరికా పౌరసత్వం వదులుకోవాలి. ఓసీఐగా ఐదేళ్లు నిండి, దరఖాస్తుకి ముందు 12 నెలలు ఇండియాలో ఉంటే పౌరసత్వానికి అడగొచ్చు. కాలేజీ స్కాలర్‌షిప్ మీద ఆడే పందొమ్మిదేళ్లవాడికి ఇది ఎంత పెద్ద నిర్ణయమో చెప్పనక్కర్లేదు.

అంత చేసినా ఫీబా రూల్ ఇంకోటి ఉంది. 16 ఏళ్లు దాటాక ఏ దారిలో పౌరసత్వం పొందినా, అలాంటివాడు జట్టుకి ఒక్కడే. ఫిలిప్పీన్స్‌కి జోర్డన్ క్లార్క్‌సన్, తర్వాత జస్టిన్ బ్రౌన్లీ, జపాన్‌కి హాకిన్సన్ ఆడింది ఆ ఒక్క స్థానంలోనే. వాళ్లకి అది సులువు, మనకి కాదు. ఆ స్థానం మనకి ఖాళీగా పోతోందని ఒప్పుకోవాల్సిందే.

అయితే క్లబ్బు పిల్లలకి ఇది కూడా చెప్పండి. ఇండియాలో పుట్టి, తల్లిదండ్రుల వీసా మీద ఇక్కడికొచ్చి, ఇంకా భారత పాస్‌పోర్ట్ మీదే ఉన్న తెలుగు పిల్లలు హైస్కూల్ జట్లలో ఉన్నారు. కువైట్, దుబాయ్, ఖతార్‌లో పెరిగిన మన పిల్లలకి చాలామందికి పుట్టినప్పటినుంచీ భారత పాస్‌పోర్టే. వీళ్లకి ఏ అడ్డూ లేదు, ఆ ఒక్క స్థానం లెక్కలోకి కూడా రారు. వెతకాల్సింది ముందు అక్కడ. పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడే పేర్లు రాసుకుని, వేసవి సెలవుల్లో పది రోజులు పిలిచి చూడాలి. ఆ కుటుంబం అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున ఆ తలుపు మూసుకుపోతుంది.

సిమెంట్‌కోర్ట్:

డల్లాస్ అన్న చెప్పినదానికి తోడు, పిలిచినవాళ్లని నిలబెట్టుకోవడం కూడా ఉంది. 2004లో ఏథెన్స్‌లో కాంస్యంతో సరిపెట్టుకున్నాక అమెరికా జెర్రీ కొలాంజెలోకి పగ్గాలిచ్చింది. ఆయన ఆటగాళ్లని మూడేళ్లకి మాట ఇవ్వమన్నారు, 2008లో స్పెయిన్‌ని 118–107తో ఓడించి స్వర్ణం తెచ్చారు. జర్మనీ కోచ్ గోర్డన్ హెర్బర్ట్ కూడా మూడు వేసవులు రమ్మనే అడిగాడు, 2023లో ఒక్క మ్యాచ్ ఓడకుండా వరల్డ్ కప్ గెలిచారు. ప్రతి విండోకీ ఐదారుగురిని మారిస్తే ఆ పది రోజులు పేర్లు నేర్చుకోడానికే సరిపోతాయి. 18 మందిని రెండేళ్లకి ఖాయం చేసి, గాయాలకి తప్ప మార్చకూడదు.

ప్రయాణం గురించి కూడా. ఇంటి మ్యాచ్ అయిన మూడు రోజులకే బయట మ్యాచ్ ఉంటుంది. మ్యాచ్ రాత్రి ఐస్, భోజనం, నిద్ర, మర్నాడు పొద్దున్నే విమానం. పోస్టులకి కాళ్లు చాపుకునే సీట్లు టికెట్ కొనేటప్పుడే తీసుకోవాలి. ఏడు అడుగుల మనిషి ఐదు గంటలు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే మర్నాడు పైకి లేవలేడు. దిగిన సాయంత్రం నలభై నిమిషాలు షూటింగ్ మాత్రమే. అందరి అసలు పాస్‌పోర్ట్‌లూ మేనేజర్ చేతిలో ఒకే సంచిలో ఉండాలి, టెక్నికల్ మీటింగ్‌లో అడుగుతారు.